బేస్‌బాల్ వ్యాపారం కాదట!

(విజయవాడలో లా విద్యార్థులు, కార్మిక సంఘాల కార్యకర్తలు కలిసి కూర్చున్న సభలో ఒక లేబర్ లాయర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ముందే చెప్పేస్తాను, నాకు బేస్‌బాల్ ఆడడం రాదు. చూడడం కూడా సగమే వచ్చు. ముప్ఫై ఏళ్లుగా లేబర్ కోర్టుల చుట్టూ తిరుగుతున్నవాణ్ణి, నాకు బాగా తెలిసిన ఆట వాయిదాలు ఒక్కటే. (నవ్వులు) మా అమ్మాయి వాళ్లు అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు మా అల్లుడు ఆ ఊరి బేస్‌బాల్ జట్టు కార్డినల్స్ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. మూడు గంటలు కూర్చున్నాను. ఎవరు గెలుస్తున్నారో తెలియలేదు. పక్క సీట్లో ఒక పెద్దాయన, డెబ్భై అయిదు దాటి ఉంటాయి, నేను ఏం చేస్తుంటానని అడిగాడు. లాయర్‌ని, కార్మికుల కేసులు చూస్తానన్నాను. "అయితే కర్ట్ ఫ్లడ్ కేసు చదివే ఉంటారు, పాత స్టేడియంలో ఆయన ఆడుతుంటే చూశాను నేను" అన్నాడు. నేను చదవలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ రాత్రి ఇంటికొచ్చి తీర్పు తీసి చదవడం మొదలుపెట్టాను. తెల్లారింది.

ఇవాళ మీకు చెప్పేది ఆ రాత్రి మొదలైన కథ.

ముందు ఒక వాక్యం గుర్తుపెట్టుకోండి. బేస్‌బాల్ ఆటగాడు సంతకం పెట్టే కాంట్రాక్టులో ఒక షరతు ఉండేది. దాని సారం ఇది: ఏడాది గడువు అయిపోయాక ఆటగాడు కొత్త కాంట్రాక్టుకి ఒప్పుకోకపోతే, క్లబ్బు పాత కాంట్రాక్టునే అవే షరతుల మీద ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు. చూడడానికి అమాయకంగా ఉంది కదా? "అవే షరతులు" అన్నప్పుడు ఈ పొడిగింపు షరతు కూడా అందులో ఉన్నట్టా, లేనట్టా? ఉంటే, మళ్లీ ఏడాది, మళ్లీ ఏడాది... మనిషి రిటైరయ్యేదాకా. ఓనర్లు ఉన్నట్టే అన్నారు. దాదాపు తొంభై ఏళ్లు అదే చెలామణి అయింది. దీన్ని రిజర్వ్ క్లాజు అంటారు.

ఇది 1879లో రహస్య ఒప్పందంగా మొదలైంది. నేషనల్ లీగ్ ఓనర్లు కూర్చుని, ఒక్కో క్లబ్బు అయిదుగురు ఆటగాళ్లని తనకంటూ అట్టిపెట్టుకోవచ్చు, వాళ్ల జోలికి మరో క్లబ్బు పోకూడదు అనుకున్నారు. తర్వాత అయిదుగురు కాస్తా జట్టు మొత్తం అయింది. రహస్యం కాస్తా కాంట్రాక్టులోకి ఎక్కింది. క్లబ్బు ఆటగాణ్ణి అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, తీసేయొచ్చు. ఆటగాడు మాత్రం తనంతట తాను పక్క క్లబ్బుకి పోలేడు. జీతం చాలదంటే ఇంటికి పోయి కూర్చోవాలి.

గుత్తాధిపత్యం అనగానే మనకి సిమెంటు కంపెనీలు కూడబలుక్కుని బస్తా రేటు పెంచడం గుర్తొస్తుంది. ఇక్కడ కూడబలుక్కుంటున్నది అమ్మేవాళ్లు కాదు, కొనేవాళ్లు. కొంటున్న సరుకు మనిషి పనితనం. అమెరికాలో 1890లోనే షెర్మన్ చట్టం వచ్చింది. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని అడ్డుకునే కుమ్మక్కులన్నీ చట్టవిరుద్ధం అంది. నష్టపోయినవాడికి నష్టానికి మూడు రెట్లు ఇప్పిస్తుంది. ఇలాంటి చట్టాలనే యాంటీట్రస్ట్ చట్టాలంటారు. ఇంత గట్టి చట్టం ఉండగా ఆ షరతు అన్నేళ్లు ఎలా బతికింది?

చెప్తాను. 1914లో ఫెడరల్ లీగ్ అని మూడో లీగ్ ఒకటి పోటీకి దిగింది. ఆటగాళ్లకి ఎక్కువ జీతాలు ఇచ్చి లాక్కోవడం మొదలుపెట్టింది. పాత లీగులు అడ్డుకుంటున్నాయని 1915 జనవరిలో షికాగో ఫెడరల్ కోర్టులో దావా వేసింది. జడ్జి పేరు కెనెసా మౌంటెన్ లాండిస్. ఆయన ఆ కేసుని ఏడాది పాటు కదపలేదు. ఈలోపు ఫెడరల్ లీగ్ డబ్బుల్లేక రాజీకి వచ్చింది. ఆ లాండిసే కొన్నాళ్లకి బేస్‌బాల్ మొట్టమొదటి కమిషనర్, అంటే ఆట మొత్తానికీ పెద్ద, అయ్యాడు. మీ మొహాల్లో నవ్వు కనబడుతోంది. నేనేమీ అనడం లేదు, వరసగా జరిగింది చెప్తున్నానంతే. (నవ్వులు)

రాజీలో కొంతమంది ఓనర్లకి డబ్బు ముట్టింది, కొంతమందికి పాత లీగుల్లో క్లబ్బులు కొనుక్కునే అవకాశం దొరికింది. బాల్టిమోర్ క్లబ్బుకి తగినంత దక్కలేదు. వాళ్లు కోర్టుకెళ్లారు. జ్యూరీ 80,000 డాలర్ల నష్టం అంది, మూడు రెట్లు వేస్తే 2,40,000. అప్పీలులో పోయింది. సుప్రీంకోర్టుకి వచ్చింది. 1922 మే 29న తీర్పు. రాసింది ఎవరో కాదు, ఆలివర్ వెండెల్ హోమ్స్. తొమ్మిది మందిదీ ఒకే మాట.

హోమ్స్ ఏమన్నాడంటే, బేస్‌బాల్ మ్యాచ్ అనేది ఒక ఊళ్లో జరిగే ప్రదర్శన. ఆటగాళ్లు రాష్ట్రాలు దాటి రైళ్లలో వస్తారు, నిజమే. కానీ ఆ రావడం పోవడం అసలు పనికి తోక లాంటిది. డబ్బు కోసం ఆడినా సరే, సరుకు ఉత్పత్తితో సంబంధం లేని మనిషి శ్రమ వాణిజ్యం కిందికి రాదు. దీనికి ఉపమానం కూడా ఇచ్చాడు: ఒక లాయర్ల సంస్థ తమలో ఒకణ్ణి పక్క రాష్ట్రానికి వాదించడానికి పంపినా, ఉపన్యాస సంస్థ ఒక వక్తని ప్రసంగానికి పంపినా అది రాష్ట్రాల మధ్య వాణిజ్యం అవుతుందా? అవదు. నేను హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చాను. లాయర్‌ని, ప్రసంగం చేస్తున్నాను. హోమ్స్ లెక్కలో నేను రెండు విధాలా వ్యాపారం కాదు. నాకు ఇస్తామన్న దారి ఖర్చుల విషయంలో నిర్వాహకులు ఈ తీర్పుని పట్టించుకోవద్దని మనవి. (నవ్వులు)

హోమ్స్‌కి న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో వాణిజ్యం అన్న మాటకి కోర్టులు ఇచ్చిన అర్థమే చాలా ఇరుకు. ఫ్యాక్టరీలో సరుకు తయారీ కూడా వాణిజ్యం కాదన్న కాలం అది. రేడియో కామెంటరీ ఇంకా ఊపందుకోలేదు, టీవీ లేదు. 1922కి ఆ తీర్పు అంత వింతేమీ కాదు. వింత అంతా తర్వాత జరిగింది.

మనకీ ఇలాంటి మాటల తగాదా ఉంది. 'పరిశ్రమ' అంటే ఏమిటి? ఆసుపత్రి పరిశ్రమా? క్లబ్బు పరిశ్రమా? 1978లో బెంగుళూరు వాటర్ సప్లై కేసులో కృష్ణయ్యర్ గారు ఆ మాటని బార్లా తెరిచారు, వేలమంది కార్మికులు చట్టం కిందికి వచ్చారు. ఒక్క నిర్వచనం మనిషిని చట్టం గడప లోపల పెడుతుంది, లేదా వాకిట్లో నిలబెడుతుంది. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లు వాకిట్లో నిలబడ్డారు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో మెక్సికన్ లీగ్ వాళ్లు మంచి డబ్బు ఇస్తామంటే కొంతమంది సరిహద్దు దాటారు. కమిషనర్ వాళ్ల మీద అయిదేళ్ల నిషేధం వేశాడు. అందులో డానీ గార్డెల్లా అనే న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు కోర్టుకెళ్లాడు. 1949లో అప్పీలు కోర్టులో ఇద్దరు జడ్జీలు అతని వైపు మొగ్గారు. రేడియో, టీవీ ప్రసారాలు వచ్చాక ఇది ఇంకా ఊరి ఆటేనా అని అడిగారు. ఓనర్లకి టెన్షన్ పట్టుకుంది. నిషేధం ఎత్తేశారు, గార్డెల్లాకి డబ్బిచ్చి రాజీ చేసుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోకుండా ఆగింది.

ఈ కథ వింటుంటే మీకేమైనా గుర్తొస్తోందా? 2007లో బీసీసీఐకి పోటీగా ఇండియన్ క్రికెట్ లీగ్ పెట్టినప్పుడు, అందులో హైదరాబాద్ హీరోస్ జట్టుకి మన అంబటి రాయుడు ఆడాడు. లీగులో చేరినవాళ్లందర్నీ బీసీసీఐ బయట పెట్టింది. 2009లో క్షమాభిక్ష అంటూ వెనక్కి పిలిచింది. క్షమాభిక్ష! నేరం ఏమిటయ్యా అంటే, ఇంకొకరి దగ్గర ఉద్యోగంలో చేరడం. సరే, అది ఇవాల్టి విషయం కాదు, అమెరికాకే పోదాం.

1953లో జార్జ్ టూల్సన్ కేసు వచ్చింది. న్యూయార్క్ యాంకీస్ క్లబ్బు వాళ్ల కింది స్థాయి జట్టులో ఆడేవాడు, ఇంకా కిందికి పొమ్మంటే పోనన్నాడు. సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరుగా చీలి, ఒక్క పేరా తీర్పు ఇచ్చింది. హోమ్స్ చెప్పింది ఒప్పా తప్పా అన్న జోలికే పోలేదు. ముప్ఫై ఏళ్లుగా కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఊరుకుంది, ఈ నమ్మకం మీదే వ్యాపారం పెరిగింది, మార్చాలంటే కాంగ్రెసే మార్చుకోవాలి, అంతే. గమనించారా, 'వ్యాపారం' అన్న మాట వాడింది కోర్టే.

పోనీ ఆటలన్నిటికీ ఇదే నియమమా అంటే అదీ కాదు. 1955లో బాక్సింగ్‌కి యాంటీట్రస్ట్ చట్టం నుంచి మినహాయింపు లేదన్నారు. 1957లో అమెరికన్ ఫుట్‌బాల్‌కి లేదన్నారు. తర్వాత బాస్కెట్‌బాల్‌కీ లేదు. ఒక్క బేస్‌బాల్‌కి మాత్రం ఉంది. ఫుట్‌బాల్ తీర్పులోనే, ఇలా వేరు చేయడం తర్కానికి నిలవదని ఎవరైనా అంటే మేం కాదనలేం అన్నంత పని చేసింది కోర్టు. అయినా మార్చలేదు.

మరి కాంగ్రెస్ ఏం చేసింది? 1958 జులైలో సెనేట్ ఉపసంఘం విచారణ పెట్టింది. యాంకీస్ మేనేజర్ కేసీ స్టెంగెల్‌ని సాక్షిగా పిలిచారు. ఆయన తన జీవితమంతా చెప్పాడు. ఎక్కడెక్కడ ఆడాడో, ఎక్కడెక్కడ ఉద్యోగం పోయిందో, రైలు ప్రయాణాలు, అన్నీ. అడిగిన ప్రశ్నకి తప్ప. ఛైర్మన్ కెఫావర్ చివరికి, నా ప్రశ్న నేను సరిగ్గా అడిగానో లేదో అని తనని తానే అనుమానించుకున్నాడు. తర్వాత యాంకీస్ ఆటగాడు మిక్కీ మాంటిల్‌ని, యాంటీట్రస్ట్ చట్టం వర్తింపజేయడం మీద మీ అభిప్రాయం ఏమిటని అడిగారు. "నా అభిప్రాయాలూ దాదాపు కేసీ అభిప్రాయాల్లాంటివే" అన్నాడు. గది మొత్తం నవ్వింది. చట్టం మాత్రం రాలేదు. అందరూ ఇది తమాషా కథగా చెప్పుకుంటారు. నాకు నవ్వు రాదు. ఆ మాంటిల్ కూడా అదే షరతు కింద సంతకం పెట్టిన ఉద్యోగి. ఓనర్లు చూస్తుండగా ఇంకేం చెప్తాడు?

ఇప్పుడు ఫ్లడ్ దగ్గరికొద్దాం.

కర్ట్ ఫ్లడ్ నల్లజాతి మనిషి. 1950ల్లో దక్షిణాది ఊళ్లలో కింది స్థాయి లీగుల్లో ఆడాడు. తోటి ఆటగాళ్లు హోటల్లో కూర్చుని తింటుంటే తను లోపలికి పోవడానికి లేదు. అవన్నీ దాటి సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కి సెంటర్ ఫీల్డర్ అయ్యాడు. పన్నెండు సీజన్లు ఆడాడు. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ వరసగా ఏడుసార్లు తీసుకున్నాడు. జీతం ఏడాదికి 90,000 డాలర్లు, అప్పట్లో పెద్ద జీతమే. 1969 అక్టోబర్‌లో ఒక పొద్దున ఫోన్ వచ్చింది. నిన్ను ఫిలడెల్ఫియాకి మార్చేశాం అని. చేసింది యజమాని కూడా కాదు, ఆఫీసులో మధ్య స్థాయి ఉద్యోగి.

ఫ్లడ్ ఆటగాళ్ల యూనియన్ దగ్గరికెళ్లాడు. అప్పటికి యూనియన్ నాయకుడు మార్విన్ మిల్లర్. ఉక్కు కార్మికుల సంఘంలో ఆర్థికవేత్తగా పనిచేసి 1966లో ఇక్కడికొచ్చినవాడు. కేసు వేస్తానన్న క్లయింటుతో మంచి లాయరు ఎలా మాట్లాడాలో ఆయన అలా మాట్లాడాడు. పూర్వపు తీర్పులు నీకు ఎదురున్నాయి, గెలిచే అవకాశం దాదాపు లేదు. గెలిచినా అప్పటికి నీ వయసు అయిపోతుంది. ఇక కోచ్ ఉద్యోగం కూడా ఎవరూ ఇవ్వరు. ఫ్లడ్ ఒక్కటే అడిగాడు: గెలిస్తే మిగతా ఆటగాళ్లకి మేలు జరుగుతుందా? ఇప్పుడున్నవాళ్లకీ, రాబోయేవాళ్లకీ జరుగుతుందన్నాడు మిల్లర్. నాకది చాలన్నాడు ఫ్లడ్. డిసెంబర్‌లో యూనియన్ బోర్డు ప్యూర్టోరికోలో సమావేశమై, అతన్ని నిలదీసి ప్రశ్నలడిగి, చివరికి కేసు ఖర్చు మేం పెట్టుకుంటామని ఏకగ్రీవంగా తీర్మానించింది.

1969 డిసెంబర్ 24న కమిషనర్ బౌవీ కూన్‌కి ఫ్లడ్ ఉత్తరం రాశాడు. చాలా చిన్న ఉత్తరం. "పన్నెండేళ్లు మేజర్ లీగుల్లో ఆడిన తర్వాత, నా ఇష్టాయిష్టాలతో పని లేకుండా కొనడానికీ అమ్మడానికీ నేను ఒక ఆస్తిని అనుకోవడం లేదు" అన్నాడు. కూన్ జవాబు చదవండి, మేనేజ్‌మెంట్ ఉత్తరాలు రాసేవాళ్లకి పాఠం అది. మనిషిగా మీరు కొని అమ్మే ఆస్తి కాదని నేనూ ఒప్పుకుంటాను, అది మన సమాజపు మూల సూత్రం, అయితే ప్రస్తుత విషయానికి అది ఎలా వర్తిస్తుందో నాకు కనబడడం లేదు! యాజమాన్యాలు జరిపే డొమెస్టిక్ ఎంక్వైరీల్లో ఇలాంటి జవాబులు నేను చాలా చూశాను. మొదటి వాక్యంలో దణ్ణం పెడతారు, రెండో వాక్యంలో తలుపేస్తారు.

1970 మేలో న్యూయార్క్‌లో విచారణ. ఫ్లడ్ వైపు సాక్ష్యం చెప్పడానికి జాకీ రాబిన్సన్ వచ్చాడు. మేజర్ లీగుల్లో వర్ణ నిషేధాన్ని బద్దలుకొట్టిన మనిషి, అప్పటికి ఆరోగ్యం దెబ్బతింది. పాత ఆటగాడు హ్యాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. ఒకప్పుడు ఓనరుగా ఉన్న బిల్ వీక్ కూడా వచ్చాడు. కానీ అప్పుడు ఆడుతున్న ఆటగాళ్లలో ఒక్కడు కూడా కోర్టు హాల్లో వచ్చి కూర్చోలేదు. సాక్ష్యం చెప్పమనలేదు వాళ్లని, ఊరికే కూర్చోవడానికి. ఇక్కడ యూనియన్లో పనిచేసినవాళ్లకి నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. సస్పెండ్ అయినవాడి ఇంటివైపు పోవడానికి మనవాళ్లు ఎంత జంకుతారో మీకు తెలుసు.

1972 జూన్ 19న సుప్రీంకోర్టు తీర్పు. ఓడిపోయాడు, అయిదుగురు ముగ్గురుగా. జస్టిస్ పావెల్ తప్పుకున్నాడు, ఎందుకంటే కార్డినల్స్‌ని నడిపే బీరు కంపెనీలో ఆయనకి షేర్లున్నాయి. తీర్పు రాసిన జస్టిస్ బ్లాక్‌మన్ మొదటి భాగం మొత్తం బేస్‌బాల్ మీద ప్రేమలేఖ రాశాడు. పాత ఆటగాళ్ల పేర్లు 88 వరసగా ఇచ్చాడు. మెల్ ఆట్ పేరు మర్చిపోయానని తర్వాత ఎంతో బాధపడ్డాడట. ఇద్దరు జడ్జీలు ఫలితంతో ఏకీభవిస్తాం గానీ ఆ మొదటి భాగంతో మాకు సంబంధం లేదన్నారు. తీర్పులో అసలు విషయానికొస్తే, అవును, బేస్‌బాల్ వ్యాపారమే. అవును, అది రాష్ట్రాల మధ్య వాణిజ్యమే. అవును, ఈ మినహాయింపు ఒక విచిత్రమైన మినహాయింపే. అయినా యాభై ఏళ్లుగా ఉంది, కాబట్టి ఉంటుంది. మార్చాలంటే కాంగ్రెస్ మార్చాలి. స్టేర్ డిసైసిస్, అంటే పాత తీర్పుకి కట్టుబడి ఉండడం.

చదువుతుంటే నాకు కోపం వచ్చింది, దాస్తే ఎలా. తప్పు అని ఒప్పుకుని, పాత తప్పు కాబట్టి ఉంచుతాం అనడం! జస్టిస్ డగ్లస్ మెజారిటీతో విభేదిస్తూ రాసిన తీర్పులో, కాంగ్రెస్ మౌనంగా ఉందని మన తప్పు మనం దిద్దుకోకుండా ఉండక్కర్లేదు అన్నాడు. ఆయన టూల్సన్ కేసులో మెజారిటీ వైపు ఉన్నవాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత దిద్దుకున్నాడు. ఆ మాత్రం నిజాయితీ మిగతావాళ్లకి లేకపోయింది.

ఫ్లడ్ 1971లో వాషింగ్టన్‌కి 13 మ్యాచ్‌లు ఆడి మానేశాడు. తాగుడు, అప్పులు, దేశం విడిచి పోవడం... అదంతా నేను చెప్పదలుచుకోలేదు.

అయితే ఆటగాళ్లకి స్వేచ్ఛ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇక్కడ లా విద్యార్థులు కాస్త నిటారుగా కూర్చోండి, ఎందుకంటే సమాధానం మీ సిలబస్‌లో ఎవరూ ఇష్టపడని పేపర్‌లో ఉంది.

యాంటీట్రస్ట్ చట్టానికి బేస్‌బాల్ వాణిజ్యం కాదు. కానీ కార్మిక చట్టానికి? 1969లో అంపైర్లు యూనియన్ పెట్టుకుంటామంటే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు, ఈ పరిశ్రమ రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో ఉంది, మా పరిధిలోకి వస్తుంది అంది. ఒకే దేశం, ఒకే ఆట, ఒక చట్టానికి వ్యాపారం, ఇంకో చట్టానికి కాదు. మిల్లర్‌కి ఆ సందు చాలు. అంతకుముందే, 1968లో, మొదటి సామూహిక ఒప్పందం చేసి కనీస జీతాన్ని 6,000 డాలర్ల నుంచి 10,000కి పెంచాడు. 1970 ఒప్పందంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక షరతు పెట్టించాడు: కాంట్రాక్టు మీద తగాదా వస్తే కమిషనర్ కాదు, తటస్థ ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి, తేల్చాలి. కమిషనర్‌ని పెట్టేదీ తీసేదీ ఓనర్లే కదా. ఫ్లడ్ కేసు కోర్టుల్లో నలుగుతున్నప్పుడే ఇది చడీచప్పుడు లేకుండా ఒప్పందంలోకి వచ్చింది.

1974లో మొదటి దెబ్బ. ఓక్లండ్ ఓనర్ చార్లీ ఫిన్లీ, క్యాట్‌ఫిష్ హంటర్ అనే పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, ఒప్పందం ప్రకారం బీమా యాన్యుటీకి కట్టాల్సిన 50,000 డాలర్లు కట్టలేదు. ఆర్బిట్రేటర్ పీటర్ సైట్జ్, కాంట్రాక్టు తప్పింది ఓనరు, కాబట్టి హంటర్‌కి విముక్తి అన్నాడు. హంటర్ ఎవరి దగ్గరికైనా పోవచ్చు. క్లబ్బులన్నీ అతని లాయర్ ఆఫీసుకి వరస కట్టాయి. యాంకీస్ అయిదేళ్లకి 30 లక్షల డాలర్లకి పైనే ఇచ్చి తీసుకుంది. అంతకుముందు అతని జీతం ఏడాదికి లక్ష. మిగతా ఆటగాళ్లందరికీ ఒక్కసారిగా తమ అసలు ధర తెలిసింది. వంద కరపత్రాలు చేయలేని పని అది.

ఇక మొదట్లో గుర్తుపెట్టుకోమన్న వాక్యం. 1975లో డాడ్జర్స్ పిచర్ ఆండీ మెసర్‌స్మిత్, మాంట్రియల్ పిచర్ డేవ్ మెక్‌నాలీ కొత్త కాంట్రాక్టుల మీద సంతకం పెట్టలేదు. క్లబ్బులు పాతదాన్నే ఏడాది పొడిగించాయి. మెసర్‌స్మిత్ సీజన్ మొత్తం ఆడాడు. మెక్‌నాలీ మధ్యలోనే ఆట మానేసి మోంటానాలో సొంత ఊరికి వెళ్లిపోయాడు, మళ్లీ ఆడే ఉద్దేశమే లేదు, అయినా ఫిర్యాదులో పేరు ఉంచమన్నాడు. సీజన్ అవగానే యూనియన్ ఆర్బిట్రేటర్ ముందుకెళ్లింది. వాదన ఒక్కటే. ఒక ఏడాది పొడిగించుకోవచ్చు అని రాసుంది, పొడిగించుకున్నారు, ఆ ఏడాది అయిపోయింది. ఇప్పుడు కాంట్రాక్టు లేదు. ఒక ఏడాది అంటే ఒక ఏడాదే.

రాజ్యాంగం లేదు, షెర్మన్ చట్టం లేదు, బానిసత్వం మీద వాదన లేదు. వాక్యం చదవండి అన్నారంతే. సైట్జ్ ఓనర్లకి ముందే చెప్పి చూశాడు, మీలో మీరు మాట్లాడుకుని తేల్చుకోండి, నాతో తీర్పు ఇప్పించుకోవద్దని. వాళ్లు వినలేదు. 1975 డిసెంబర్ 23న అవార్డు ఇచ్చాడు: ఇద్దరూ స్వేచ్ఛాజీవులు. ఫ్లడ్ ఉత్తరం రాసి సరిగ్గా ఆరేళ్లకి ఒక్క రోజు తక్కువ. ఓనర్లు వెంటనే సైట్జ్‌ని ఆ పదవిలోంచి తీసేశారు. కాన్సస్ సిటీలో ఫెడరల్ కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. అప్పీలుకెళ్లారు, ఓడిపోయారు. ఆర్బిట్రేటర్ అవార్డులో కోర్టులు మామూలుగా వేలు పెట్టవు. సుప్రీంకోర్టు మూడుసార్లు తెరవని తలుపుని, ఇరుపక్షాలూ కలిసి పెట్టుకున్న ఒక మధ్యవర్తి అరవై పేజీల అవార్డుతో తెరిచాడు.

దీని తర్వాత మిల్లర్ చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఇప్పుడు ఆటగాళ్లందరూ ఏడాదికోసారి స్వేచ్ఛగా బయటికి రావచ్చు కదా? ఫిన్లీ, ఆ యాన్యుటీ కట్టని ఫిన్లీయే, అందర్నీ వదిలేయండి అని ఓనర్లకి చెప్పాడు. మిల్లర్ భయపడింది దానికే. ఆరొందల మంది ఒకేసారి బజార్లో నిలబడితే ధర పడిపోతుంది. టమాటా పంట అంతా ఒకే వారం మదనపల్లె మార్కెట్‌కి వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అదృష్టవశాత్తూ ఫిన్లీ మాట ఓనర్లు ఎవరూ వినలేదు. 1976 జులై ఒప్పందంలో ఆరేళ్లు ఆడినవాడికే స్వేచ్ఛ అని రాసుకున్నారు. అంటే ప్రతి ఏడాదీ కొద్దిమందే బజార్లో ఉంటారు, వాళ్ల కోసం అందరూ పోటీ పడతారు. 1976లో సగటు జీతం 50,000 డాలర్ల చిల్లర. 1980కి 1,40,000 దాటింది.

ఆ ఒప్పందంలో ఇంకో చిత్రం. 1966లో కూఫాక్స్, డ్రైస్‌డేల్ అనే ఇద్దరు డాడ్జర్స్ పిచర్లు జంటగా బేరమాడారు. అలా ఆటగాళ్లు కూడబలుక్కోకూడదని ఓనర్లు షరతు అడిగారు. సరే, మీరూ కూడబలుక్కోకూడదు, రెండు వైపులా రాయండి అన్నాడు మిల్లర్. పదేళ్ల తర్వాత, 1980ల మధ్యలో, ఓనర్లందరూ ఉన్నట్టుండి ఒకరి ఆటగాణ్ణి ఒకరు అడగడం మానేశారు. యూనియన్ ఫిర్యాదు చేసింది. ఓనర్లు తామే అడిగి రాయించుకున్న షరతు కిందే దొరికిపోయారు. 1990లో 28 కోట్ల డాలర్లు కట్టారు. యాంటీట్రస్ట్ చట్టం చేయాల్సిన పని ఒప్పందంలో ఒక్క వాక్యం చేసింది.

సమ్మెల సంగతి తొందరగా చెప్తాను. 1972లో పింఛను కోసం. 1981లో 50 రోజులు. 1994 ఆగస్టులో మొదలైనది 232 రోజులు నడిచింది, ఆ ఏడాది ఫైనల్ పోటీ వరల్డ్ సిరీస్ కూడా జరగలేదు. 1995 మార్చి చివర్లో న్యూయార్క్‌లో ఒక యువ జడ్జి, ఓనర్లు పాత ఒప్పందపు షరతుల్ని ఏకపక్షంగా మార్చడం చెల్లదని ఇంజంక్షన్ ఇచ్చింది, దాంతో ఆట మళ్లీ మొదలైంది. ఆమె పేరు సోనియా సొటొమయోర్. ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్నారు. ఇక్కడ కూడా ఆదుకున్నది కార్మిక చట్టమే.

ఫ్లడ్ 1997 జనవరిలో పోయాడు. 1998లో కాంగ్రెస్ ఆయన పేరుతో ఒక చట్టం చేసింది. మేజర్ లీగ్ ఆటగాళ్ల ఉద్యోగ విషయాల్లో ఇకనుంచి యాంటీట్రస్ట్ చట్టం వర్తిస్తుంది అంది. సంతోషం. కానీ రెండేళ్ల ముందే, 1996లో ఒక ఫుట్‌బాల్ కేసులో సుప్రీంకోర్టు, యూనియన్‌తో బేరసారాలు నడుస్తున్నంత కాలం యాజమాన్యాల మీద యాంటీట్రస్ట్ దావా కుదరదని చెప్పేసింది. అంటే ఆటగాళ్లకి తాళంచెవి ఇచ్చారు, అది పనిచేయాలంటే ముందు యూనియన్‌ని రద్దు చేసుకోవాలి. 1915లో కావలసిన చట్టం 1998లో వచ్చింది.

ఎవరో చెయ్యి ఎత్తారు. అడగమ్మా.

(సభలోంచి ఒక విద్యార్థిని: "సార్, మరి మైనర్ లీగ్ ఆటగాళ్లకి కూడా ఆ చట్టం వర్తిస్తుందా?")

మంచి ప్రశ్న. మైనర్ లీగులంటే ఇందాక చెప్పిన కింది స్థాయి లీగులు. వర్తించదు. చట్టంలోనే వాళ్లని మినహాయించారు. వాళ్ల పరిస్థితి చెప్తాను. పొద్దున్నించి రాత్రిదాకా ప్రాక్టీసు, మ్యాచ్, గంటల తరబడి బస్సు ప్రయాణం. కింది స్థాయిలో ఏడాదికి అయిదువేల డాలర్లు కూడా రాని కుర్రాళ్లు ఉండేవారు. ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు, నేల మీద పరుపులు. 2014లో కనీస వేతనం కోసం దావా వేశారు. అది నడుస్తుండగానే, 2018లో వేల పేజీల బడ్జెట్ బిల్లు మధ్యలో ఒక చిన్న చట్టం దూర్చి, వాళ్లకి కనీస వేతన చట్టాన్ని చాలావరకు వర్తించకుండా చేశారు. దాని పేరు అమెరికా కాలక్షేపాన్ని కాపాడే చట్టం. పేరు పెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. 2020లో 160 జట్లలో 40 తీసేశారు. ఆ జట్లవాళ్లు యాంటీట్రస్ట్ దావా వేస్తే కింది కోర్టులు 1922 తీర్పు చూపించి కొట్టేశాయి. సుప్రీంకోర్టు తలుపు తట్టేసరికి, 2023లో, గార్డెల్లా విషయంలో జరిగినట్టే, రాజీ అయిపోయింది.

కనీస వేతనం దావాలో 2022లో 18.5 కోట్ల డాలర్లకి రాజీ. అదే ఏడాది ఆగస్టు చివర్లో పెద్ద ఆటగాళ్ల యూనియన్ ఈ కుర్రాళ్లకి సభ్యత్వ కార్డులు పంచింది. మూడు వారాలు తిరక్కుండా అయిదువేల మందికి పైగా ఉన్న వాళ్లలో మెజారిటీ సంతకాలు పెట్టారు, లీగ్ గుర్తించింది. 2023 మార్చి 31న మొదటి ఒప్పందం. మైనర్ లీగుల్లో అన్నిటికన్నా పైదైన ట్రిపుల్-ఎ స్థాయిలో ఏడాదికి కనీసం 17,500 డాలర్లు ఉన్నది 35,800 అయింది. అన్నిటికన్నా కింద ఉన్నవాళ్లకి 4,800 నుంచి 19,800.

ఇంకేదో అడగబోతున్నావు?

("అంటే సార్, 1922 తీర్పు ఇప్పటికీ ఉందా?")

ఉందమ్మా. 2021లో కాలేజీ ఆటగాళ్ల కేసులో సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ ఎత్తిపొడిచింది, రద్దు మాత్రం చేయలేదు. మేజర్ లీగ్ ఒప్పందం గడువు 2026 డిసెంబర్ 1తో తీరుతుంది. గతసారి గడువు తీరినప్పుడు ఓనర్లు 99 రోజులు లాకౌట్ పెట్టారు. ఆ సెయింట్ లూయిస్ పెద్దాయన నంబరు తీసుకోకుండా వచ్చేశాను, లేకపోతే ఈసారి ఏమవుతుందో ఆయన్ని అడిగి చెప్పేవాణ్ణి. వెనక టీ వచ్చినట్టుంది. మిగతా ప్రశ్నలు అక్కడ మాట్లాడుకుందాం.